కంప్యూటర్ సైన్స్ అంటే కోడింగేనా? అపోహలు - వాస్తవాలు

ఏటా అల్గారిథమ్స్ (సమస్యను అంచెలంచెలుగా తేల్చే పద్ధతులు) క్లాసు మొదలైన వారానికే ఎవరో ఒకరు అడుగుతారు, "సార్, కోడింగ్ ఎప్పుడు మొదలుపెడతాం?" అని. వాళ్ల తప్పేం లేదు, బయట అందరూ చెప్పింది అదే. నేను తరచూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కోడింగ్ వస్తే కంప్యూటర్ సైన్స్ వచ్చినట్టే.

వాస్తవం: కోడింగ్ రావాల్సిందే. కానీ ఈ శాస్త్రం అడిగేది వేరు: ఈ పనిని యంత్రంతో చేయించగలమా, చేయిస్తే ఎంత సమయం, ఎంత మెమరీ పడుతుంది? అక్షర క్రమంలో ఉన్న 10 లక్షల పేర్లలో ఒకటి వెతకాలనుకోండి. మొదటి నుంచీ చూసుకుంటూ పోతే 10 లక్షల సార్లూ చూడాల్సి రావచ్చు. మధ్య పేరు చూసి, అక్కర్లేని సగాన్ని వదిలేస్తూ పోతే 20 సార్లు చాలు. ఏ లాంగ్వేజ్‌లో రాసినా ఈ తేడా పోదు.

అపోహ: కంప్యూటర్ ఫాస్ట్‌గా ఉంటే ఏ సమస్యైనా తేలిపోతుంది.

వాస్తవం: ఇది నాకు చాలా ఇష్టమైన చోటు, కాస్త ఆగుతాను. బయల్దేరిన చోటు కాక మరో 20 ఊళ్లు తిరిగి రావాలి, అతి తక్కువ దూరం ఏ వరసలో? సెకనుకు 100 కోట్ల వరసలు పరీక్షించే యంత్రానికి కూడా అన్నీ చూడటానికి దాదాపు 77 ఏళ్లు పడుతుంది. ఇంకొక్క ఊరు చేర్చండి, 1,600 ఏళ్లు దాటుతుంది. అదే 20 ఊళ్ల లెక్క, 1962లో వచ్చిన డైనమిక్ ప్రోగ్రామింగ్ పద్ధతితో (చిన్న లెక్కల జవాబులు దాచుకుని, వాటితోనే పెద్ద లెక్క తేల్చడం) మామూలు ల్యాప్‌టాప్ మీద సెకన్లలో తేలిపోతుంది! యంత్రం మారలేదు, ఆలోచన మారింది. అయినా ఊళ్లు వందైతే ఆ పద్ధతీ చేతులెత్తేస్తుంది. ఇలాంటి వాటన్నిటికీ వేగమైన దారి అసలు ఉందా అన్నదే 'పి వర్సెస్ ఎన్‌పి' ప్రశ్న. 2000లో అమెరికాలోని క్లే గణిత సంస్థ దీనికి 10 లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

అపోహ: ఇది చదివితే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం తప్ప వేరే దారి లేదు.

వాస్తవం: రహస్య సంకేతాల పని చేసేవాళ్లు ప్రధాన సంఖ్యలతో కుస్తీ పడతారు. భాషల మీద పనిచేసేవాళ్లకు వ్యాకరణం కావాలి, స్క్రీన్లు డిజైన్ చేసేవాళ్లకు మనిషి మనస్తత్వం కావాలి. 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం, ప్రోటీన్ల ఆకారాన్ని కంప్యూటర్‌తో అంచనా వేసిన ఇద్దరికి దక్కింది.

అపోహ: ఏఐ వచ్చేసింది, ఇక ఇది చదవడం దండగ.

వాస్తవం: ఈ టెన్షన్ ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది. ఏఐ కూడా ఈ శాస్త్రంలో ఒక కొమ్మే. ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు రాకముందే, 1936లో, కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పడం ఏ యంత్రానికీ సాధ్యం కాదని బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ నిరూపించారు. ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా అది ఎప్పటికైనా ఆగుతుందో లేదో తప్పకుండా చెప్పగల ప్రోగ్రామ్ రాయలేం. ఆ హద్దు ఏఐకీ ఉంది. అది రాసిచ్చిన కోడ్‌ని ఎంతవరకు నమ్మాలో తేల్చే పని మనదే, దానికి ఈ చదువే కావాలి.