మెట్ల మీద అడుగుల చప్పుడు

టొరంటో నగరంలో బాండ్ వీధిలోని 82వ నంబరు ఇల్లు ఇప్పుడొక ప్రదర్శనశాల. 1834లో ఆ నగరానికి మొట్టమొదటి మేయరై, 1837లో ప్రభుత్వం మీద తిరుగుబాటు నడిపి, ఓడిపోయి, అమెరికాకు పారిపోయి, క్షమాభిక్ష దొరికాక తిరిగివచ్చిన పత్రికా సంపాదకుడు విలియం లయన్ మెకంజీ తన చివరి రోజులు ఆ ఇంట్లోనే గడిపి 1861లో కన్నుమూశారు. దాదాపు వందేళ్ల తరువాత, ఆ ఇంటిని కనిపెట్టుకుని అందులోనే కాపురమున్నవారు వింత అనుభవాలు చెప్పసాగారు. ఇంట్లో తాము తప్ప మరెవరూ లేరని తెలిసిన రాత్రివేళల్లో, బరువైన బూట్లు వేసుకుని ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించేదట. ఒకావిడకు అర్ధరాత్రి మెలకువ వచ్చేసరికి మంచం మీదికి వంగి తనవంకే చూస్తున్న ఆకారం కనిపించిందట. ఈ సంగతులు 1960 నుంచి పత్రికలకెక్కాయి, ఇంటికి దెయ్యాల కొంప అని పేరు పడిపోయింది.

1972 ప్రాంతంలో జో నికెల్ అనే యువకుడు ఈ వ్యవహారమేమిటో చూద్దామని బయలుదేరారు. ఆయన ఇంద్రజాల ప్రదర్శనలు ఇచ్చినవాడు, ప్రైవేటు డిటెక్టివ్ పనిలోనూ చేయి పెట్టినవాడు. ఆయన చేసిన పని వినడానికి మరీ చప్పగా ఉంటుంది: పక్క భవనానికి వెళ్లి అక్కడివారిని అడిగారు. ఆ భవనం అప్పట్లో ఒక ప్రచురణ సంస్థది. దాని ఇనుప మెట్ల వరుస మెకంజీ ఇంటి మెట్లకు సరిగ్గా సమాంతరంగా, మీటరు ఎడంలో సాగుతుంది. రాత్రి పొద్దుపోయాక శుభ్రం చేసే పనివారు ఆ మెట్ల మీదే ఎక్కుతూ దిగుతూ ఉండేవారు. ఇటువైపు మెట్ల దగ్గర నిలబడి వినేవారికి ఆ చప్పుడు తమ మెట్ల మీదిదే అనిపించేది. చప్పుడు విన్నవారు అబద్ధమాడలేదు, భ్రమపడనూ లేదు. వారు విన్నవి నిజమైన మనుషుల నిజమైన అడుగులే, కాకపోతే గోడకు అవతలివి.

పిల్లల కోసం ఇలాంటి విషయాలు రాసే సంశయవాది చేయవలసిన పని ఏమిటని నన్నడిగితే, ఈ ఇంటి కథనే చూపిస్తాను. దెయ్యాలు లేవని మొదటి వాక్యంలోనే తేల్చేసే పుస్తకాన్ని పదేళ్ల పాఠకుడు రెండో పేజీ దాకా చదవడు. చదవకపోవడం వాడి తప్పూ కాదు. మెట్ల మీద అడుగుల చప్పుడు విన్నానని ఒకరు చెబుతుంటే, అది ఎక్కడిదో కనుక్కోకుండా లేదు పొమ్మనడం కూడా విచారణ లేని తీర్పే అవుతుంది. ముందు చప్పుడు వినిపించాలి, వెన్నులో చలి పుట్టాలి, ఆ తరువాతే పక్క భవనానికి దారి చూపాలి. నికెల్ 1989లో చిన్నవారి కోసం ‘ది మ్యాజిక్ డిటెక్టివ్స్’ అనే పుస్తకం రాసినప్పుడు, వింత రహస్యాలను ఛేదించడానికి తమతో కలవమన్న ఆహ్వానాన్ని ఉపశీర్షికలోనే పెట్టారు. తనను బండారం బయటపెట్టేవాడని పిలిస్తే ఆయనకు నచ్చేది కాదు, పరిశోధకుడినని చెప్పుకునేవారు. 2025లో మరణించేదాకా ఆయన ఆ పట్టు విడవలేదు.

మంచం పక్కన కనిపించిన ఆకారం సంగతి గోడ అవతల తేలేది కాదు, నిద్రలో తేలవలసింది. మనం కలలు కనే దశలో మెదడు శరీర కండరాలను దాదాపు పూర్తిగా సడలించి ఉంచుతుంది. కలలో పరుగెత్తినంత మాత్రాన మంచం మీద కాళ్లు ఆడకపోవడానికి కారణం అదే. ఒక్కోసారి ఆ సడలింపు తొలగకముందే మెలకువ వచ్చేస్తుంది. కళ్లు తెరుచుకుని ఉంటాయి, గది కనిపిస్తూనే ఉంటుంది, ఒళ్లు మాత్రం కదలదు, అంతలో కలలోని బొమ్మ వచ్చి గదిలో నిలబడుతుంది. నిద్రలో దెయ్యం గుండెల మీద కూర్చుని నొక్కిందని మన ఊళ్లలో చెప్పేదీ ఇదే అనుభవం. దీన్ని పిల్లలకు వివరించేటప్పుడు అది వట్టి కలేనని కొట్టిపారేయకూడదు, ఎందుకంటే దాన్ని అనుభవించిన మనిషి అప్పటికి సగం మేలుకునే ఉన్నాడు.

పిల్లలే సాక్షులైన ఉదంతం మరొకటి ఉంది. 1952 సెప్టెంబరు 12న అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, ఫ్లాట్‌వుడ్స్ అనే చిన్న ఊరి పిల్లలు మండుతున్న వస్తువొకటి ఆకాశంలోంచి కొండ వెనుక పడటం చూశారు. వారిలో ఇద్దరి తల్లిని వెంటబెట్టుకుని చీకట్లో కొండెక్కారు. టార్చిలైటు వేయగానే రెండు కళ్లు మెరిశాయి. పేకముక్కల్లో ఇస్పేటు గుర్తులాంటి ముఖం, గోళ్లున్న చిన్న చేతులు, పదడుగుల ఎత్తున్న ఆకారం బుసకొడుతూ తేలుతూ తమవైపు రావడంతో అందరూ ఒక్కపరుగున కొండ దిగారు. కొన్ని దశాబ్దాల తరువాత నికెల్ ఆ ఊరు వెళ్లి వివరాలన్నీ కూడదీశారు. ఆకాశంలో కనిపించింది ఉల్క, ఆ సాయంత్రం దాన్ని చుట్టుపక్కల రాష్ట్రాలవారు కూడా చూశారు. కొండ మీది ఆకారం బహుశా చెట్టుకొమ్మ మీద కూర్చున్న చావుపిట్ట అనే గుడ్లగూబ కావచ్చునని ఆయన అభిప్రాయపడ్డారు. దాని ముఖం ఇస్పేటును తలపించే హృదయాకారంలో ఉంటుంది, బెదిరితే అది బుసకొడుతుంది, రెక్కల చప్పుడు లేకుండా జారుతున్నట్టు ఎగురుతుంది. కొమ్మ కింది ఆకులగుబురు దానికి ఒళ్లయింది, నేల నుంచి కొమ్మకున్న ఎత్తు దానికి ఎత్తయింది. ఇక్కడ ‘బహుశా’ అన్న మాట ముఖ్యం. మెకంజీ ఇంటి మెట్లను ఈనాడైనా వెళ్లి కొలవగలం గాని, 1952 నాటి పిట్టను మళ్లీ పట్టుకురాలేం. ఈ రెండు సమాధానాల మధ్య బలంలో ఉన్న తేడాను దాచకుండా చెప్పే రచయితనే నేను నమ్ముతాను.

పెరూలోని నాజ్కా మైదానంలో ప్రాచీనులు నేల మీద గీసిన మహాకాయ చిత్రాలను గ్రహాంతరవాసుల సాయం లేకుండా గీయడం అసాధ్యమన్న వాదానికి నికెల్ వాదనతో బదులివ్వలేదు. 1982లో కొద్దిమంది బంధుమిత్రులతో కలిసి, కొయ్య మేకులు, తాడు వంటి సాదా సామాను మాత్రమే వాడి, కెంటకీలోని ఒక పొలంలో 440 అడుగుల రాబందు బొమ్మను గీసి చూపించారు.

దెయ్యాల కథలు పిల్లలకు అసలే చెప్పకూడదనే హేతువాదులూ ఉన్నారు. వారితో నేను ఏకీభవించను. సైన్సు గురించి, హేతుదృష్టి గురించి ఎన్నో వ్యాసాలు రాసిన కొడవటిగంటి కుటుంబరావే, చెట్టు మీది శవంలో బేతాళుడు నెలనెలా మాట్లాడే చందమామను దశాబ్దాలపాటు నడిపించారు. కథలోని బేతాళుడు తనను నమ్మమని ఎవరినీ అడగడు, డబ్బూ అడగడు. పరీక్షించవలసింది కథను కాదు, నిజమని చెప్పే మాటను.

అలాంటి మాటను ఒక తొమ్మిదేళ్ల పాపే పరీక్షించింది. కొలరాడోలో నాలుగో తరగతి చదువుతున్న ఎమిలీ రోజా, రోగి శరీరాన్ని తాకకుండా చేతులు పైన ఆడించి ‘శక్తి క్షేత్రాన్ని’ సరిచేస్తామనే చికిత్సకుల గురించి విన్నది. ఆ శక్తి చేతికి తెలుస్తుందని వారంటారు కాబట్టి, తెలుస్తుందో లేదో చూద్దామనుకున్నది. మధ్యలో అట్టతెర నిలబెట్టి, దాని కింది రంధ్రాల్లోంచి చికిత్సకులు రెండు చేతులూ చాపేలా ఏర్పాటు చేసింది. నాణెం ఎగరవేసి, పడినదాన్ని బట్టి వారి కుడిచేతి మీదో ఎడమచేతి మీదో తన అరచేతిని కొద్ది సెంటీమీటర్ల ఎత్తున ఉంచి, ఏ చేతికి దగ్గరగా ఉందో చెప్పమనేది. రెండు విడతల్లో కలిపి 21 మంది చికిత్సకులు మొత్తం 280 సార్లు సమాధానం చెప్పారు. కళ్లు మూసుకుని ఏదో ఒకటి చెప్పినా 140 దాకా సరిపోవాలి. సరిపోయినవి 123.

మొదటి విడత ముగిశాక చికిత్సకులు కారణాలు చెప్పారు. ఎమిలీ చెయ్యి తీసేశాక కూడా దాని శక్తి గుర్తు అక్కడే మిగిలిపోతోందన్నారు, కాసేపటికి తమ చేతులు వేడెక్కి ఏమీ తెలియడం లేదన్నారు. పాప వాదించలేదు. రెండో విడతలో తన రెండు చేతుల శక్తినీ వారిని ముందుగానే చూసుకోనిచ్చి, తాను ఏ చెయ్యి వాడాలో వారినే ఎంచుకోనిచ్చింది. ఏడుగురు ఎడమచేతిని, ఆరుగురు కుడిచేతిని కోరుకున్నారు. మొదటి విడతలో 150కి 70 సరిపోతే, ఈసారి 130కి 53 మాత్రమే సరిపోయాయి. 1998 ఏప్రిల్‌లో ఆ ఫలితాలు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వెలువడ్డాయి. అప్పటికి ఎమిలీకి పదకొండేళ్లు.