ఒకే మంచం మీద నాలుగు జబ్బులు: సరిహద్దు వార్డుల్లో నర్సింగ్ శిక్షణ వెనుక కథ

ఆంధ్ర సరిహద్దున ఉన్న దక్షిణ ఒడిశాలోని ఏ పెద్దాసుపత్రి మెడికల్ వార్డులోనైనా ఇలాంటి రెండు మంచాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకదాని మీద రాయగడ కొండల నుంచి వచ్చిన ముప్పై ఏళ్ళ సికిల్ సెల్ రోగి ఉంటాడు, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బున్నవాడు. ఎముకల్లో నొప్పి ఎత్తుకున్నప్పుడు అతని చేత నీళ్ళు బాగా తాగించాలి, తాగలేకపోతే సెలైన్ పెట్టాలి. రెండోదాని మీద ఇచ్ఛాపురం పక్క పల్లె నుంచి వచ్చిన డయాలసిస్ రోగి ఉంటాడు. ఆయన రోజుకు ఎన్ని నీళ్ళు తాగవచ్చో డాక్టరు కొలత రాసి పెడతారు, ఆ లెక్క దాటితే రాత్రికి ఆయాసం మొదలవుతుంది. నర్సింగ్ విద్యార్థికి ఈ రెండు ప్రశ్నలూ పరీక్షలో విడివిడిగా వస్తాయి, విడివిడిగా రాస్తే మార్కులూ పడతాయి. కానీ ఆ సికిల్ సెల్ రోగికే, ఏళ్ళ తరబడి ఉన్న జబ్బు వల్ల మూత్రపిండాలు కూడా దెబ్బతిని ఉంటే నీళ్ళు ఇవ్వాలా, ఆపాలా? ఇది పుస్తకంలో ఒక పేజీ తీసి చెప్పేది కాదు. తాగిన నీళ్ళు, పోసిన మూత్రం, పొద్దుటి బరువు, పాదాల వాపు, ఊపిరి తీరు, అన్నీ కలిపి చూసి, మార్పు కనబడగానే డాక్టరుకు చెప్పగలగాలి.

ఇలా కలిపి చూడటం మన నర్సింగ్ చదువులో ఎందుకు ఆలస్యంగా వచ్చిందో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి. బరంపురం ఉన్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ 1871లో మొదలైంది, తొలిరోజుల్లో అది ప్రధానంగా మంత్రసానుల శిక్షణే. 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చి రిజిస్టరు ఏర్పడింది. ఒడిశా వేరు రాష్ట్రమయ్యాక బరంపురం, పర్లాకిమిడి పట్టణాలు అటు వెళ్ళాయి, ఇచ్ఛాపురం ఇటు మిగిలింది. గీత ఎక్కడ గీసినా రోగులు మాత్రం అలవాటైన దారినే నడిచారు. కొరాపుట్, జయపురం వాళ్ళు సాలూరు ఘాటు దిగి విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి పోయేవారు. ఇచ్ఛాపురం, సోంపేట వాళ్ళకు బరంపురమే దగ్గర. 1962లో అక్కడ వైద్య కళాశాల వచ్చాక, నేటి ఎంకేసీజీ అదే, ఆ దారి మరింత గట్టిపడింది. కొరాపుట్‌కు సొంత వైద్య కళాశాల రావడానికి 2017 దాకా ఆగవలసి వచ్చింది.

నర్సుల సంఖ్య విషయానికొస్తే, 1946లో దేశ ఆరోగ్య పరిస్థితిపై భోర్ కమిటీ నివేదిక ఇచ్చేనాటికి దేశంలో ఉన్న నర్సులు సుమారు 7,000 మంది, అంటే 43,000 మంది జనానికి ఒక్కరు. అదే ఏడు ఢిల్లీలోనూ, వెల్లూరులోనూ బీఎస్సీ నర్సింగ్ మొదలైంది. 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. అయితే ఆ తర్వాతి దశాబ్దాల్లో పల్లెలకు నిజంగా చేరినవారు ఏఎన్ఎంలు, అంటే తక్కువ కాలం శిక్షణ పొందిన సహాయ నర్సు మంత్రసానులు. 1973లో కర్తార్ సింగ్ కమిటీ సిఫారసుతో వారే బహుళ ప్రయోజన ఆరోగ్య కార్యకర్తలయ్యారు. కాన్పులు, టీకాలు, కుటుంబ నియంత్రణ, మలేరియా రక్త పరీక్షలు వారి పని. దాన్ని తప్పుపట్టలేం. తల్లులూ పసిబిడ్డలూ అంతగా చనిపోతున్న కాలంలో శిక్షణ అటు మొగ్గడమే న్యాయం. కొండ ప్రాంతంలో నర్సుల లోటును కొంతవరకు మిషన్ ఆసుపత్రులు పూడ్చాయి. రాయగడ జిల్లా బిసంకటక్‌లో 1954లో డెన్మార్క్ డాక్టరమ్మ ఎలిజబెత్ మాడ్సెన్ ప్రారంభించిన ఆసుపత్రి వాటిలో ఒకటి. స్థానిక అమ్మాయిలను నర్సులుగా తీర్చిదిద్దే పని కూడా అది చేపట్టింది.

వయోజన రోగుల సంరక్షణ చాలాకాలం మెడికల్ సర్జికల్ నర్సింగ్ అనే పేపరుగానే ఉండేది. దాని అమరిక అవయవాల వారీది. గుండె ఒక యూనిట్, ఊపిరితిత్తులు ఒక యూనిట్, మూత్రపిండాలు ఇంకొకటి. వార్డు పోస్టింగులు కూడా అదే పద్ధతిలో కొన్ని వారాలకొకటి చొప్పున మారేవి. ఐదు జబ్బులున్న మనిషి ఏ పోస్టింగులోనూ పూర్తిగా ఎదురుపడడు. ఆర్థో వార్డులో అతను విరిగిన తుంటి, మెడికల్ వార్డులో అతనే షుగరు కేసు. వీటన్నిటినీ కలపడానికి పెట్టిన సాధనం కేర్ ప్లాన్. రోగిని పరిశీలించి, సమస్యలను ముందువెనుకలుగా పేర్చి, చేయవలసింది రాసి, చేసి, ఫలితం చూడాలి. ఆలోచన గొప్పదే. ఆచరణలో ఏమైందంటే, నేను చూసిన ఒక సంస్థలో సీనియర్ల రికార్డు పుస్తకాలు అట్ట మారి జూనియర్ల చేతికి వచ్చేవి. ‘ద్రవాల అసమతుల్యత’ అన్న వాక్యం మూడు బ్యాచ్‌ల రికార్డుల్లో ఒకే చోట, ఒకే అక్షరదోషంతో ఉండేది. పిల్లల్ని మాత్రమే అని ప్రయోజనం లేదు. రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే క్లాసుకు వచ్చే విద్యార్థికి రోగి దగ్గర కూర్చునే తీరిక ఎవరూ ఇవ్వలేదు.

ఈలోగా వార్డులో రోగులు మారిపోయారు. గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వెళ్ళిన వేలాది మందిలో కొందరు హెచ్ఐవీతో తిరిగొచ్చారు. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక వారు చావు తప్పించుకుని యాభై దాటుతున్నారు, ఇప్పుడు వారికి బీపీ, షుగరు వస్తున్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, పలాస చుట్టుపక్కల, కారణం తేలని మూత్రపిండాల జబ్బు ఒక తరాన్ని డయాలసిస్ మంచాలకు చేర్చింది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో గానీ తెరుచుకోలేదు. చిన్నతనంలోనే పోతారనుకున్న సికిల్ సెల్ పిల్లలు హైడ్రాక్సీయూరియా వంటి మందులతో పెద్దవారై పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌తో గుర్తింపు పొందేవారూ పెరుగుతారు. అంటే, నిన్నటి వైద్యం బతికించిన మనుషులే నేటి సంక్లిష్ట రోగులు.

వీరి విషయంలో చిన్న పొరపాటు ఎంత ఖరీదైనదో ఒక్క ఉదాహరణ చాలు. డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలిపి ఫిస్టులా వేసిన రోగికి ఆ చేతిమీద రక్తనాళాలు తాడులా ఉబ్బి ఉంటాయి. సూది గుచ్చడం కొత్తగా నేర్చుకుంటున్న విద్యార్థికి వార్డు మొత్తంలో అంతకన్నా సులువైన చేయి దొరకదు. కానీ డయాలసిస్‌కు తప్ప ఆ చేతికి సూది గుచ్చకూడదు, సెలైన్ ఎక్కించే కాన్యులా పెట్టకూడదు, బీపీ పట్టీ కూడా చుట్టకూడదు. నాళం మూసుకుపోతే ఆ మనిషి ప్రాణాధారం పోయినట్టే. మంచి ట్యూటరు ముందు విద్యార్థి వేళ్ళను ఫిస్టులా మీద ఆనించి, లోపల ఝుమ్మంటున్న అదురును తెలుసుకోనిస్తుంది. ఆ అదురు ఆగితే వెంటనే డాక్టరుకు చెప్పాలని అప్పుడు చెబుతుంది. అలా నేర్చుకున్నది విద్యార్థి మరచిపోదు.

భాష సంగతి పాఠ్యప్రణాళికలో ఎక్కడా సరిగా లేదు, సరిహద్దులో మాత్రం అదే సగం శిక్షణ. పుస్తకం ఇంగ్లీషు, వార్డు ఒడియా, రోగి తెలుగు, పక్క మంచం మీద సవర. నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకెల్లో చెప్పమంటే మన పెద్దవాళ్ళు చెప్పరు. సలుపు, పోటు, తీపు, మంట, తిమ్మిరి అని చెబుతారు. పుండులో సలుపు ఉందంటే చీము పడుతోందేమో చూడాలి. షుగరు రోగి అరికాళ్ళలో మంటలు, తిమ్మిర్లు అన్నాడంటే నరాలు దెబ్బతిన్నాయేమో ఆలోచించాలి. అన్నిటినీ ‘పెయిన్’ అని ఒక్క ముక్కలో చార్టులో రాస్తే రోగి చెప్పిన సమాచారం సగం పోతుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట గ్యాస్. షుగరు ఉన్నవారికి గుండెపోటు వచ్చినా ఛాతీలో గట్టి నొప్పి రాకపోవచ్చు. చెమటలు పట్టి, “గ్యాస్ పట్టేసింది సిస్టరమ్మా, సోడా ఇప్పించండి” అని అడుగుతారు. ఆ మాట విన్న విద్యార్థి సోడా మాట వదిలేసి ఈసీజీ తీయించాలి. బరంపురం తెలుగిళ్ళ పిల్లల్లో ఈ మాటలు అర్థమైనా తెలుగు అక్షరాలు చదవలేనివారు చాలామంది. చదువు ఒడియాలోనో ఇంగ్లీషులోనో సాగడమే కారణం. శ్రీకాకుళం జిల్లా ఆసుపత్రిలో రోగి చేతికిచ్చిన తెలుగు సూచనల కాగితాన్ని వారు రోగి కొడుకు చేత చదివించుకోవలసి వస్తుంది.

పాఠ్యప్రణాళికలో అసలైన మార్పు 2021లో వచ్చింది. ఆ ఏడాది గెజిట్‌లో వెలువడిన కొత్త నిబంధనలు బీఎస్సీ నర్సింగ్‌ను ఎనిమిది సెమిస్టర్లు చేశాయి. పాత పేపరు అడల్ట్ హెల్త్ నర్సింగ్‌గా మారి, జబ్బు పుట్టే తీరును నర్సింగ్ పాఠంతో కలిపి చెప్పడం మొదలైంది. రెండో భాగంలో వృద్ధుల సంరక్షణ, నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ చేరాయి. మూడు, నాలుగు సెమిస్టర్లలో ఒక్కోదానికి 140 గంటల పాఠాలు, 480 గంటల క్లినికల్ పని కేటాయించారు. బొమ్మ రోగులపై సిమ్యులేషన్ సాధనకూ చోటిచ్చారు. 2023లో 1947 నాటి చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది, అదే ఏటి కేంద్ర బడ్జెట్ 2014 తర్వాతి వైద్య కళాశాలల పక్కన 157 నర్సింగ్ కళాశాలలు ప్రకటించింది. కళాశాలలు కట్టడం కష్టం కాదు, వార్డులో విద్యార్థి పక్కన నిలబడి చూపించే ట్యూటర్లను తయారుచేయడం కష్టం. గంటలు పెరిగినా అవి రికార్డు నింపడానికే పోతే పేపరు పేరు ఒక్కటే మారినట్టు.

కొందరు ట్యూటర్లు ఇప్పుడు విద్యార్థికి మొదటి రోజు అప్పగించే పని, రోగి మందుల సంచి విప్పి చూడటం. సరిహద్దు దాటి వచ్చే రోగి వెంట ఒక ప్లాస్టిక్ సంచి తప్పక ఉంటుంది. దాన్ని మంచం మీద బోర్లిస్తే విశాఖలో రాసిన బీపీ మాత్ర, బరంపురంలో రాసిన బీపీ మాత్ర బయటపడతాయి. అట్ట మీద కంపెనీ పేర్లు వేరు, లోపల ఉన్నది రెండింటిలోనూ అమ్లోడిపిన్. మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళో మందుల షాపువాడు ఇచ్చిన డైక్లోఫెనాక్ ఉంటుంది, దెబ్బతిన్న మూత్రపిండాలకు అది విషంతో సమానం. పాత లెక్కలోనే సాగుతున్న షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఉంటుంది. విద్యార్థి ఒక్కో అట్ట తీసి, వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదివి, ఏది ఎప్పటి నుంచి వాడుతున్నారో రోగి భార్యను అడిగి, కాగితం మీద వరుసగా రాసి రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు ముందు పెడుతుంది. సంచి అడుగున ఇంకా ఏదో ఉంటుంది. “అది మందు కాదు బాబూ, ఆకు పసరు పొడి” అంటుంది ఆవిడ. దాన్నీ రాయమని ట్యూటరు చెబుతుంది.