బరువుంది కదా, కదలదులే అనుకోవద్దు

కొన్ని అంతస్తుల ఎత్తున్న భవనాల కిటికీ అద్దాలు కడిగేవాళ్లలో చాలామంది ఇప్పుడు నిచ్చెన ఎక్కడం లేదు. నేల మీదే నిలబడి, పొడవాటి కార్బన్ ఫైబర్ కర్ర చివర బిగించిన బ్రష్షుతో అద్దం రుద్దుతారు. బ్రష్షులోంచే నీళ్లు వస్తుంటాయి. అవి రివర్స్ ఆస్మాసిస్ ఫిల్టరులోంచి, తర్వాత మిగిలిన లవణాలని పట్టేసే రెజిన్ గుళికల్లోంచి పంపి లవణాలు దాదాపు పూర్తిగా తీసేసిన నీళ్లు. కరిగిన ఉప్పు లేదు కాబట్టి ఆరాక మచ్చ మిగలదు, గుడ్డ పెట్టి తుడిచే పని ఉండదు. అలాంటి నీళ్లు పనిచేసే చోట కుళాయి తిప్పితే దొరకవు. అందుకే వ్యాను వెనక 250 నుంచి 650 లీటర్ల దాకా పట్టే ప్లాస్టిక్ ట్యాంకు పెట్టుకుని తిరుగుతారు.

నిచ్చెన మీంచి జారిపడే భయం దీనితో చాలావరకు తీరింది. నిజంగా సంతోషించాల్సిన మార్పు ఇది. కానీ 500 లీటర్ల నీళ్లంటే 500 కిలోలు. అంత బరువు డ్రైవర్ వీపుకి జానెడు దూరంలో కూర్చుని ప్రయాణం చేస్తోంది.

"ఇంత బరువు ఎక్కడికి కదులుతుందిలే" అనే ధీమా చాలామందిలో ఉంటుంది. ఖాళీ ట్యాంకుని తోస్తే జరుగుతుంది, నిండు ట్యాంకుని నలుగురు తోసినా జరగదు. కాబట్టి బరువే దాన్ని పట్టి ఉంచుతుందని అనిపించడం సహజమే. అయితే బ్రేకు వేసినప్పుడు ట్యాంకుని ఎవరూ తోయడం లేదు. వ్యాను ఆగుతుంది, ట్యాంకు జడత్వం కొద్దీ ముందుకు పోతూనే ఉంటుంది. దాన్ని ఆపడానికి ఎంత బలం కావాలన్నది దాని బరువుని బట్టి ఉంటుంది. నేలతో దానికుండే ఘర్షణ కూడా బరువుని బట్టే ఉంటుంది. బరువు రెట్టింపైతే రెండూ రెట్టింపవుతాయి, లెక్కలోంచి బరువు కొట్టుకుపోతుంది. నున్నటి ప్లైవుడ్ మీద ప్లాస్టిక్ ట్యాంకుకి దొరికే ఘర్షణ దాని బరువులో మూడో వంతు అనుకుందాం. గట్టిగా వేసిన బ్రేకుకి కావాల్సింది బరువులో 80 శాతం. 50 కిలోల ట్యాంకైనా, 500 కిలోల ట్యాంకైనా ఒకే బ్రేకుకి జారడం మొదలుపెడుతుంది. తేడా అంతా అది వెళ్లి దేన్నైనా గుద్దినప్పుడే.

ఆ 80 శాతం ఊరికే అన్న మాట కాదు. యూరప్‌లో సరుకు కట్టడానికి వాడే ఈఎన్ 12195-1 ప్రమాణంలో రోడ్డు మీద వెళ్లే సరుకుకి ముందువైపు బరువులో 0.8 వంతు, పక్కలకీ వెనక్కీ 0.5 వంతు బలం తట్టుకునేలా కట్టాలని ఉంటుంది. ఇది రోజువారీ ప్రయాణానికి, అంటే సడన్ బ్రేకులకీ మలుపులకీ పెట్టిన లెక్క. యాక్సిడెంట్‌కి కాదు. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో తెలియకపోవడమే అసలు ప్రమాదమని నా నమ్మకం. "ఎన్ని బ్రేకులు వేసినా ఇంతవరకూ కదల్లేదు" అన్న అనుభవం బ్రేకుల గురించే చెబుతుంది, గుద్దుకోవడం గురించి ఏమీ చెప్పదు.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న వ్యాను దేన్నో గుద్దుకుని, ముందు భాగం నలిగి, అర మీటరులో ఆగిందనుకుందాం. అది దాదాపు 20 జీ మందగమనం, అంటే భూమ్యాకర్షణకి ఇరవై రెట్లు జోరుతో వేగం తగ్గడం. 500 కిలోల నీళ్లని పట్టి ఉంచడానికి సుమారు 96,000 న్యూటన్ల బలం కావాలి, అంటే పది టన్నుల బరువుకి దగ్గర. ఆ వేగంలో ట్యాంకుకి ఉన్న గతిశక్తి, దాన్ని దాదాపు పది మీటర్ల ఎత్తునుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి వదిలితే వచ్చేదానితో సమానం. వేగం 100 అయితే శక్తి నాలుగింతలు. కార్లకీ చిన్న సరుకు వ్యాన్లకీ వర్తించే ఐక్యరాజ్యసమితి 14వ నంబరు నిబంధన ప్రకారం సీటు బెల్టు కొక్కేలను పరీక్షించేటప్పుడు భుజం పట్టీని, నడుము పట్టీని చెరో 13,500 న్యూటన్లతో లాగుతారు. ఒక్క మనిషి కోసం అంత గట్టి ఏర్పాటు. ఆ మనిషి వెనకున్న అర టన్నుని సామాను కట్టే రెండు బెల్టులతో సరిపెట్టడం ఎంత అన్యాయమో దీన్నిబట్టి చూడండి.

బెల్టుల సంగతి తొందరగా తేల్చేయొచ్చు. పాలియెస్టర్ ర్యాచెట్ బెల్టు, అంటే పిడి ఆడించి బిగించే పట్టీ, తన పూర్తి భారం మోసేటప్పుడు 7 శాతం దాకా సాగడానికి ప్రమాణాలే ఒప్పుకుంటాయి. మూడు మీటర్ల బెల్టుకి అది 21 సెంటీమీటర్లు. దానికి తోడు ప్లాస్టిక్ ట్యాంకు ఎండకి మెత్తబడుతుంది, నీళ్లు తగ్గేకొద్దీ పక్కలు లోపలికి ఒదుగుతాయి. పొద్దున బిగించిన బెల్టు సాయంత్రానికి వదులు. వదులుంటే ఇంకో చిక్కు: వ్యాను ఆగడం మొదలుపెట్టినా ఆ ఖాళీ పూడేదాకా ట్యాంకు పాత వేగంతోనే వస్తుంది, ఆపైన ఒక్కసారిగా గుంజుతుంది. నింపాదిగా పడాల్సిన బలం సుత్తి దెబ్బలా పడుతుంది. వ్యాను నేల మీద కంపెనీవాళ్లు ఇచ్చే రింగులకి కూడా ఒక పరిమితి ఉంటుంది. వ్యానుతో వచ్చే పుస్తకంలో ఆ అంకె చూస్తే, వాటిని పెట్టెలూ సంచులూ కట్టుకోవడానికి ఇచ్చారని అర్థమవుతుంది.

సరైన దారి ట్యాంకుని చుట్టూ పట్టుకునే ఉక్కు ఫ్రేము చేయించి, దాన్ని వ్యాను నేలలోంచి కిందికి బోల్టులతో బిగించడం. ఇక్కడే చాలామంది బోల్టు దగ్గర ఆగిపోతారు. 8.8 గ్రేడు ఎం12 బోల్టు, అంటే 12 మిల్లీమీటర్ల గట్టి ఉక్కు బోల్టు, ఒక్కటే తెగడానికి సుమారు 67,000 న్యూటన్లు కావాలి. నాలుగేస్తే చాలదా అనిపిస్తుంది. కానీ బోల్టు పట్టుకున్నది వ్యాను నేల రేకుని, ఆ రేకు మందం మిల్లీమీటరు లోపే.

లెక్క వేసి చూద్దాం. ట్యాంకు గరిమనాభి, అంటే బరువంతా ఒకచోట చేరినట్టు లెక్కేసే బిందువు, వ్యాను నేలకి 40 సెంటీమీటర్ల ఎత్తులో, ముందు బోల్టులకీ వెనక బోల్టులకీ మధ్య దూరం 80 సెంటీమీటర్లు అనుకోండి. గుద్దుకున్నప్పుడు ట్యాంకు ముందుకి జారడమే కాదు, ముందుకి దొర్లిపోవాలని కూడా చూస్తుంది. ముందు బోల్టుల దగ్గర ఫ్రేము నేలని నొక్కుతుంది, వెనక బోల్టులు పైకి లేస్తాయి. పైన చెప్పిన 20 జీ దగ్గర వెనకున్న రెండు బోల్టుల్లో ఒక్కోదాని మీద సుమారు 23,000 న్యూటన్ల లాగుడు పడుతుంది. రేకు కింద మామూలు వాషరు, అంటే 24 మిల్లీమీటర్ల వెడల్పుది, ఉంటే ఆ అంచు చుట్టూ 0.8 మిల్లీమీటరు రేకు తెగడానికి 13,000 న్యూటన్లు చాలు. బోల్టు తెగదు. వాషరుతో సహా రేకుని చించుకుని పైకి వచ్చేస్తుంది. అదే చోట పది సెంటీమీటర్ల చదరపు మందపాటి ఉక్కు ప్లేటు పెడితే చిరగాల్సిన అంచు ఐదింతలు పెరుగుతుంది, రేకు బలం 70,000కి చేరుతుంది. ఇవి ఉజ్జాయింపు లెక్కలే, నిజం రేకు వంగుతుంది, మడతపడుతుంది. అయినా బలం ఎక్కడుందో, బలహీనత ఎక్కడుందో చూపిస్తాయి. ఎవరికీ కనిపించని ఆ కింది ప్లేటు ఖర్చు చాలా తక్కువ. దాన్ని మానేసి పైన మెరిసే ఫ్రేము పెట్టించుకున్నవాళ్లని చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది. అవకాశం ఉంటే ఛాసిస్ అడ్డబద్దెలకి కలిపి బిగించడం ఇంకా మేలు. కొందరు తయారీదారులు ఫ్రేమునీ ట్యాంకునీ కలిపి క్రాష్ టెస్టు చేయించి అమ్ముతారు. కొనేటప్పుడు ఆ పరీక్ష ఎంత నీటితో, ఎంత వేగంతో, ఏ వ్యాను నేల మీద జరిగిందో అడగాలి. ఖాళీ ట్యాంకుతో చేసిన పరీక్షకి విలువ లేదు.

ఇప్పటిదాకా నీళ్లని ఒక దిమ్మెలా లెక్కేశాం. నీళ్లు దిమ్మె కావు. వెనిస్ నగరానికి మంచినీళ్లు మోసే పడవల్లో నీళ్లు ఎలా ఊగుతాయో 1632లో గెలీలియో వర్ణించాడు: పడవ వేగం తగ్గితే నీళ్లు ముందుకి ఎగసి, వేగం పెరిగితే వెనక పోగవుతాయి. సముద్రపు ఆటుపోట్లకి అదే కారణమనుకుని పొరబడ్డాడు గానీ, పడవలో జరిగేదాన్ని మాత్రం చక్కగా పట్టుకున్నాడు. ఒక మీటరు పొడవు ట్యాంకులో 40 సెంటీమీటర్ల నీళ్లుంటే అవి అటూ ఇటూ ఒకసారి ఊగడానికి సుమారు 1.2 సెకన్లు పడుతుంది. స్టీరింగు అటు తిప్పి ఇటు తిప్పే సమయం దీనికి దగ్గరపడితే ఊపు మీద ఊపు చేరుతుంది, వ్యాను డ్రైవర్ మాట వినడం మానేస్తుంది. నిండు కుండ తొణకదన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. సగం నిండిన ట్యాంకే ఎక్కువగా ఊగుతుంది, అద్దాలు కడిగేవాళ్ల ట్యాంకు రోజులో చాలాసేపు ఉండేది ఆ సగం స్థితిలోనే.

దీనికి మందు ట్యాంకు లోపల రంధ్రాలున్న అడ్డుపలకలు, బాఫిల్స్ అంటారు. అవి పెద్ద అలని చిన్న సుడులుగా విరగ్గొట్టి దాని శక్తిని నీళ్లలోనే హరించేస్తాయి. రాకెట్లలోనూ ఇవే వాడతారు. 2007 మార్చిలో స్పేస్ఎక్స్ కంపెనీ ఫాల్కన్ 1 రాకెట్ రెండో ప్రయోగం విఫలమైంది రెండో దశ ట్యాంకులో ద్రవ ఆక్సిజన్ ఊగిపోవడం వల్లే, ఆ ట్యాంకులో బాఫిల్స్ లేవు. అయితే బాఫిల్స్ ఉన్నాయి కదా అని బోల్టులు తగ్గించకూడదు. అవి ఊపుని ఆపుతాయి గానీ, గుద్దుకున్నప్పటి అర టన్నుని ఒక్క కిలో కూడా తగ్గించవు.

ట్యాంకు స్థానం రెండు ఇరుసుల మధ్య, వీలైనంత కిందుగా, డ్రైవర్ వెనకుండే అడ్డుగోడకి దగ్గరగా ఉండాలి. వెనక ఇరుసు దాటి పెడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తగ్గుతుంది. అడ్డుగోడ డ్రైవర్‌ని చిన్న సామాన్ల నుంచి కాపాడే రేకు, ట్యాంకుని ఆపే గోడగా దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఫ్రేము, పంపు, బ్యాటరీ, హోసు చుట్ట, మనుషులు అందరితో, నిండు ట్యాంకుతో వ్యానుని వేబ్రిడ్జి మీద తూకం వేయించి, ఇరుసుల పరిమితి కూడా చూసుకోవాలి.

నేలలో రంధ్రం వేసేముందు వ్యాను కిందికి దూరి ఇంధన ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్లు ఎక్కడున్నాయో చూడాలి. ఎలక్ట్రిక్ వ్యాను అయితే నేల కింద ఉండేది బ్యాటరీయే, కంపెనీ చెప్పిన చోట తప్ప డ్రిల్లు పెట్టకూడదు. కోసిన అంచులకి తుప్పు పట్టని రంగు వేయాలి, ఎందుకంటే ఈ వ్యానులో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది, ఆ సన్న రేకే మనకి ఆధారం. నట్టులు మొదటి వారాల్లో ఒకసారి, తర్వాత సర్వీసింగ్ చేయించినప్పుడల్లా బిగువు చూడాలి. వ్యాను ఎక్కడైనా గట్టిగా గుద్దుకుంటే, పైకి బాగానే కనిపించినా బోల్టులు, ప్లేట్లు మార్చి, వాటి చుట్టూ రేకు సాగిందేమో కిందనుంచి చూసుకున్నాకే మళ్లీ నీళ్లు నింపాలి.