పొర వీడినా రూపు చెడకుండా

వైరస్ పైపొరలో నాటుకుని ఉండే ప్రొటీన్‌ను ఊడదీయడం అంత కష్టం కాదు. ఊడదీశాక దాని సహజ రూపం చెదరకుండా చూడడమే కష్టం. పొరలో దిగబడిన భాగానికి నీరు గిట్టదు కాబట్టి, చుట్టూ ఉన్న కొవ్వు పోగానే ఆ భాగాలు ఒకదానినొకటి పట్టుకుని ముద్ద కడతాయి. ఈ ముద్ద కట్టకుండా ఆపేది డిటర్జెంట్. దాని అణువులకుండే, నీరు గిట్టని తోకలు ప్రొటీన్ నడుముకు కొవ్వు స్థానంలో చుట్టుకుంటాయి. అయితే ఎస్‌డీఎస్ వంటి ఘాటైన డిటర్జెంట్ మడతలనే విప్పేస్తుంది. ఆక్టైల్ గ్లూకోసైడ్, డోడెసిల్ మాల్టోసైడ్ వంటివి సాధారణంగా అంత హాని చేయవు. కడిగే ద్రావణంలో డిటర్జెంట్ వేయడం మరిచిపోతే మాత్రం అప్పటి దాకా పడ్డ శ్రమంతా అడుగున తెల్లని మడ్డిగా మిగులుతుంది.

ఇన్‌ఫ్లుయెంజా వైరస్ హీమాగ్లుటినిన్‌తో చిక్కు మరింత ఎక్కువ. మూడు ఒకే రకపు భాగాలు కలిసి, సుమారు 13.5 నానోమీటర్ల ఎత్తున నిలిచే ఈ ప్రొటీన్, వైరస్‌ను కణంలోకి చేర్చే పనికి సిద్ధమైన దశలో, బిగించి పెట్టిన స్ప్రింగు వంటిది. కణం లోపలి సంచిలో ఆమ్లత పెరిగి పీహెచ్ 5 దరిదాపులకు పడిపోగానే అది విచ్చుకుంటుంది, మళ్లీ ముడుచుకోదు. ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీలు నింపిన గొట్టానికి, అంటే యాంటీబాడీ కాలమ్‌కు, అంటుకున్న ప్రొటీన్‌ను ఆమ్లంతో విడిపించడం ప్రయోగశాలల్లో మామూలే కానీ, ఇక్కడ ఆ పద్ధతి స్ప్రింగును చేతులారా వదిలేయడమే అవుతుంది. అందుకే మసూర్ గింజల నుంచి తీసే లెక్టిన్ వంటి పదార్థంతో ప్రొటీన్ మీది చక్కెర గొలుసులను పట్టుకుని, తర్వాత మిథైల్ మానోసైడ్ అనే చక్కెరను పోటీకి పంపి, తటస్థ పీహెచ్‌లోనే నెమ్మదిగా విడిపిస్తారు.

పొరలోని వేరును వదులుకోవడానికి సిద్ధపడితే మరో దారి ఉంది. 1981లో ఇయాన్ విల్సన్, జాన్ స్కెహెల్, డాన్ వైలీ వెల్లడించిన హీమాగ్లుటినిన్ నిర్మాణం, అనాస మొక్క నుంచి వచ్చే బ్రోమెలైన్ ఎంజైమ్‌తో పొరకు పైన కోసి తీసిన భాగానిదే.

శ్వాసకోశ వ్యాధి కలిగించే ఆర్ఎస్‌వీ వైరస్ ఎఫ్ ప్రొటీన్ ఇంకా తొందరపాటుది; ఆమ్లం తగలకపోయినా తనంతట తానే రూపం మార్చేసుకుంటుంది. 2013లో కొన్ని అమైనో ఆమ్లాలను మార్చి, లోపల అదనపు గంధక బంధం వేసి దాన్ని తొలి రూపంలో బిగించారు. 2023లో ఆమోదం పొందిన ఆర్ఎస్‌వీ టీకాలు ఈ తొలి రూపాన్నే ఆధారం చేసుకున్నాయి. శుద్ధి చేసినది ఏ రూపంలో ఉందో, ప్రొటీన్ల మడత విప్పి బరువును బట్టి వేరు చేసే ఎస్‌డీఎస్ జెల్ చెప్పలేదు, మడత విప్పాక రెండు రూపాల బరువూ ఒకటే. తొలి రూపాన్ని మాత్రమే గుర్తించే డీ25 వంటి యాంటీబాడీ అంటుకుంటుందా లేదా అని చూడాల్సిందే.