ఇన్ని రకాల ప్రదర్శనలు ఎందుకు? విశ్వవిద్యాలయ కళా మ్యూజియాల వెనుక కథ

ఏ విశ్వవిద్యాలయ కళా మ్యూజియం పాత ప్రదర్శనల జాబితా తిరగేసినా దానికి తలాతోకా లేదనిపిస్తుంది. రెంబ్రాంట్ ఎచింగుల (లోహపు పలక మీద ఆమ్లంతో గీత చెక్కి అచ్చువేసిన చిత్రాల) వెంటనే చివరి సంవత్సరం విద్యార్థుల పనులు, ఆ తర్వాత జపాన్ చెక్క అచ్చు చిత్రాలు, మరుసటి ఏడాది గ్యాలరీ నిండా మట్టి. నగరంలోని పెద్ద మ్యూజియం ఇలా చేస్తే విమర్శకులు ఊరుకోరు. క్యాంపస్‌లో మాత్రం ఇది మామూలే. ఈ కలగాపులగానికి కారణాలున్నాయి. అవి తెలియకపోతే, ఈమధ్య అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు తమ మ్యూజియంలోని చిత్రాలు అమ్మబోయినప్పుడు అంత గొడవ ఎందుకైందో అర్థం కాదు.

ఈ మ్యూజియాలు మొదటి నుంచీ చదువుతో ముడిపడినవే. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో అమెర్‌బాఖ్ కుటుంబం కూడబెట్టిన చిత్రాలను, పుస్తకాలను 1661లో నగరం, విశ్వవిద్యాలయం కలిసి కొన్నాయి. వాటిలో హోల్బైన్ గీసినవీ ఉన్నాయి. పదేళ్ల తర్వాత వాటిని జనానికి చూపించడం మొదలుపెట్టారు. 1683లో తెరిచిన ఆక్స్‌ఫర్డ్‌లోని అష్మోలియన్ అప్పట్లో కళా మ్యూజియమే కాదు. అడుగున రసాయన ప్రయోగశాల, మధ్యలో ఉపన్యాసాల గది, పై అంతస్తులో వస్తువులు. అంతరించిపోయిన డోడో పక్షి దేహం కూడా అక్కడ ఉండేది. 1710లో వచ్చిన ఉఫెన్‌బాఖ్ అనే జర్మన్ యాత్రికుడు, ఆరు పెన్నీలిస్తే ఆడవాళ్లను కూడా పైకి రానిస్తున్నారని విసుక్కున్నాడు. పండితుల చోటులోకి మామూలు జనం రావడం ఆయనకు నచ్చలేదు. మ్యూజియం ఎవరికోసమన్న తగాదా అప్పటికే ఉందన్నమాట.

19వ శతాబ్దంలో దాతలు రంగంలోకి దిగారు. 1816లో ఫిట్జ్‌విలియం ప్రభువు తన 144 చిత్రాలను, లక్ష పౌండ్లను కేంబ్రిడ్జికి రాసిచ్చాడు. తానిచ్చినవి గడప దాటి అరువుకు పోకూడదని షరతు కూడా పెట్టాడు. యేల్ కథ ఇంకా విచిత్రం. ముసలితనంలో డబ్బుకు ఇబ్బంది పడుతున్న చిత్రకారుడు జాన్ ట్రంబుల్, ఏటా వెయ్యి డాలర్లు ఇస్తే చాలని తన చిత్రాలను విశ్వవిద్యాలయానికి అప్పగించాడు. వాటికోసం 1832లో తెరిచిన గ్యాలరీకి ప్లాను కూడా తనే గీశాడు. చనిపోయాక తనను ఆ చిత్రాల కిందే పూడ్చాలన్నాడు. అలాగే చేశారు. దాత అభిరుచి ఏదైతే సేకరణ అదే, సేకరణలో ఏముంటే ప్రదర్శన అదే. ఒకరు నాణేలిస్తారు, ఇంకొకరు చైనా కంచు పాత్రలిస్తారు, మూడోవారు పోస్టర్లిస్తారు. జాబితా అతుకుల బొంతలా కనబడటానికి సగం కారణం ఈ వీలునామాలే.

మిగతా సగంలో కాగితానికి చాలా వాటా ఉంది. క్యాంపస్ మ్యూజియాలు కొనగలిగేది ఎక్కువగా ప్రింట్లు, డ్రాయింగులు, ఫోటోలు. ఇవి వెలుతురుకు తట్టుకోలేవు. 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలమానం) మసక వెలుగులో, అదీ కొన్ని నెలలే చూపించి, మళ్లీ చీకటి గదిలోకి పంపాలి. దీనికి సెమిస్టర్ క్యాలెండర్ తోడైంది. ఈ టర్ములో యుద్ధ చరిత్ర చెప్పే ప్రొఫెసర్ గోయా ప్రింట్లు అడుగుతారు, వచ్చే టర్ములో వృక్షశాస్త్రం వాళ్లు మొక్కల బొమ్మలు అడుగుతారు. గోడలు తరచూ మారక తప్పదు.

అయితే వైవిధ్యానికి తెగువ తోడైంది 20వ శతాబ్దంలో. హార్వర్డ్‌లో 1895లో ఫాగ్ మ్యూజియం మొదలైనప్పుడు అసలు కళాఖండాలు తక్కువ, ప్లాస్టర్ నకళ్లు, ఫోటోలే ఎక్కువ. తర్వాత ఎడ్వర్డ్ ఫోర్బ్స్, పాల్ శాక్స్ దాన్ని మార్చేశారు. బ్యాంకర్ కుటుంబం నుంచి వచ్చిన శాక్స్ 1920లలో మ్యూజియం నడపడం ఎలాగో నేర్పే కోర్సు పెట్టాడు. అమెరికాలోని పెద్ద మ్యూజియాల డైరెక్టర్లు ఎందరో ఆ తరగతిలోంచి వచ్చినవాళ్లే. ఇంత పేరున్నా ఫాగ్‌లో సమకాలీన కళకు చోటు అంతంతమాత్రం. దాంతో లింకన్ కర్‌స్టీన్, ఎడ్వర్డ్ వార్‌బర్గ్, జాన్ వాకర్ అనే ముగ్గురు డిగ్రీ విద్యార్థులు ఒక సంఘం పెట్టి, 1929లో హార్వర్డ్ స్క్వేర్‌లో రెండు గదులు అద్దెకు తీసుకుని తామే చూపించడం మొదలుపెట్టారు. శిల్పి కాల్డర్ తీగ బొమ్మలు, బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అనే ఆవిష్కర్త 'డైమాక్సియన్' అని పేరుపెట్టిన ఇంటి నమూనా, జర్మనీ డిజైన్ బడి బౌహౌస్ మీద అమెరికాలో మొట్టమొదటి ప్రదర్శన, అన్నీ ఆ రెండు గదుల్లోనే. న్యూయార్క్‌లో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ తెరిచింది అదే 1929 నవంబరులో, అంటే ఈ కుర్రాళ్ల కంటే కొన్ని నెలలు వెనక. దాని మొదటి డైరెక్టర్ ఆల్‌ఫ్రెడ్ బార్ కూడా శాక్స్ శిష్యుడే.

వేరే చోట్ల ఇదే పనికి వేరే అవసరం ఉండేది. అమెరికాలో నల్లజాతి చిత్రకారులకు పెద్ద గ్యాలరీలు తలుపులు తెరవని రోజుల్లో, హేల్ వుడ్రఫ్ 1942లో అట్లాంటా విశ్వవిద్యాలయంలో వాళ్లకోసం ఏటా జరిగే ప్రదర్శన ప్రారంభించాడు. అది 1970 దాకా నడిచింది. బహుమతి వచ్చిన చిత్రాన్ని విశ్వవిద్యాలయమే కొనుక్కునేది. అలా పోటీల పుణ్యమా అని ఒక గొప్ప సేకరణ తయారైంది. మన దేశంలో 1937లో కలకత్తా విశ్వవిద్యాలయం పెట్టిన అశుతోష్ మ్యూజియం బెంగాల్ పల్లెల కాంథా కుట్లను, పటచిత్రాలను, టెర్రకోటను పోగుచేసింది. 1950లలో బెంగాల్‌లోని ప్రాచీన స్థలం చంద్రకేతుగఢ్‌లో తవ్వకాలు కూడా అదే మొదలుపెట్టింది. తవ్వేది, చదివేది, చూపించేది అంతా ఒకే సంస్థ. నా దృష్టిలో విశ్వవిద్యాలయ మ్యూజియం అసలు స్వరూపం ఇదే.

ఇక ఆ మట్టి సంగతి. 1969 ఫిబ్రవరిలో కార్నెల్ విశ్వవిద్యాలయంలోని ఆండ్రూ డిక్సన్ వైట్ మ్యూజియంలో విలోబీ షార్ప్ అనే క్యూరేటర్ 'ఎర్త్ ఆర్ట్' ప్రదర్శన పెట్టాడు. రాబర్ట్ మోరిస్ గ్యాలరీలో మట్టి కుప్పలు పోయించాడు. హాన్స్ హాకే మట్టి దిబ్బ మీద గడ్డి విత్తనాలు చల్లాడు, ప్రదర్శన సాగుతుండగా అది మొలిచి పెరిగింది. రాబర్ట్ స్మిత్‌సన్ దగ్గర్లోని ఉప్పు గనిలోకి దిగి, రాతి ఉప్పును అద్దాలతో కలిపి పేర్చాడు. డెన్నిస్ ఒపెన్‌హైమ్ క్యాంపస్‌లోని బీబీ చెరువు మీద గడ్డకట్టిన మంచును కోశాడు. అంతకుముందే అక్కడ చదువు ముగించిన గోర్డన్ మట్టా-క్లార్క్ వీళ్లకు సాయం చేశాడు, తర్వాత తనే పేరున్న కళాకారుడయ్యాడు. అమ్మకానికి పనికొచ్చేది, దాచుకోదగినది దాదాపు ఏమీ మిగల్లేదు. ఫోటోలు, క్యాటలాగు మిగిలాయి. టికెట్ల మీద, స్పాన్సర్ల మీద నడిచే సంస్థ ఇంత రిస్కు తీసుకోవడం కష్టం. విఫలమైనా పాఠంగానైనా పనికొస్తుందన్న ధీమా క్యాంపస్‌లోనే ఉంటుంది.

విఫలమైనది నిజంగానే పాఠమైన సందర్భం కూడా ఉంది. 1960లలో మార్క్ రోత్కో హార్వర్డ్‌లో ఒక డైనింగ్ హాలు కోసం ఐదు పెద్ద చిత్రాలు వేశాడు. ఆయన వాడిన ఎరుపు రంగు, కిటికీల్లోంచి పడే ఎండకు వెలిసిపోయింది. 1979కల్లా అన్నిటినీ స్టోర్‌రూముకు చేర్చారు. మళ్లీ రంగులు పూస్తే వాటి కింద రోత్కో చేతిపని కనబడకుండా పోతుంది. అందుకని 2014లో వాటిని కొత్త పద్ధతిలో చూపించారు. పోయిన రంగు ఎంతో చోటుచోటునా లెక్కగట్టి, ఆ మేరకు ప్రొజెక్టర్ వెలుగును కాన్వాసు మీద వేశారు. సాయంత్రం 4 గంటలకు ప్రొజెక్టర్లు ఆపేసేవాళ్లు. అప్పటిదాకా నిండు ఎరుపులో ఉన్న చిత్రం, సందర్శకుల కళ్లముందే వెలిసిపోయిన అసలు రూపానికి వచ్చేది. తన నిర్లక్ష్యాన్ని తనే ప్రదర్శనకు పెట్టిన సంస్థలు అరుదు.

ఇప్పుడు అమ్మకాల విషయం. బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో రోజ్ ఆర్ట్ మ్యూజియం 1961లో మొదలైంది. దాని డైరెక్టర్ శామ్ హంటర్‌కు 50 వేల డాలర్ల విరాళం అందింది. ఒక్కో చిత్రానికి 5 వేలు దాటకూడదని నియమం పెట్టుకుని, వార్హోల్, లిక్టెన్‌స్టైన్, జాస్పర్ జాన్స్, రౌషెన్‌బర్గ్ పనులు కొన్నాడు. వాళ్లమీద అప్పటికి పెద్ద మ్యూజియాల్లో చాలావాటికి గురి కుదరలేదు. ఆ చిత్రాల విలువ తర్వాత బాగా పెరగడంతో, 2009 జనవరికి ఆ ధైర్యమే ప్రమాదం తెచ్చిపెట్టింది. ఆర్థిక మాంద్యంలో నిధులు కరిగిపోయిన విశ్వవిద్యాలయం, మ్యూజియం మూసి సేకరణ అమ్మేస్తామని ప్రకటించింది. విద్యార్థులు, మ్యూజియం సంఘాలు ఎదురుతిరిగారు, కొందరు కోర్టుకెక్కారు. 2011లో రాజీ కుదిరి మ్యూజియం బతికిపోయింది. 2023లో ఇండియానాలోని వల్పరైజో విశ్వవిద్యాలయం, అమెరికన్ చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ చిత్రంతోపాటు మరో రెండింటిని అమ్మి హాస్టళ్లు బాగుచేస్తామంది. అదీ కోర్టుకెక్కింది.

మ్యూజియం సంఘాల నియమం ప్రకారం కళాఖండం అమ్మిన సొమ్ము మళ్లీ కళాఖండాలు కొనడానికో, ఉన్నవాటిని సంరక్షించడానికో వాడాలి. కానీ అది చట్టం కాదు. పైగా సొత్తు యజమాని మ్యూజియం కాదు, విశ్వవిద్యాలయం. ట్రస్టీల బల్లమీద ఓకీఫ్ చిత్రం పక్కన లీకవుతున్న హాస్టల్ పైకప్పు ఉంటే ఏది గెలుస్తుందో ఊహించడం కష్టం కాదు. దాత కాగితంలో ఏం రాశాడన్నదే చివరికి కోర్టులు చూసేది. అదీ పూర్తిగా కాపాడుతుందని లేదు. ఓకీఫ్ 1949లో నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయానికి అమ్మకూడదన్న షరతుతోనే 101 కళాఖండాలు అప్పగించింది. ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచాక 2012లో ఫిస్క్ సగం వాటాను 3 కోట్ల డాలర్లకు ఆర్కన్సాలోని క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియానికి ఇచ్చేసింది. అప్పటినుంచి ఆ సేకరణ రెండేళ్లకోసారి నాష్‌విల్‌కీ ఆర్కన్సాకీ మధ్య చోటు మారుతోంది.