రోమన్ కాంక్రీటు వెనక ఉన్న చేతులు

రోమ్ నగరంలోని ప్రాచీన ఆలయం పాంథియాన్ గుమ్మటం వ్యాసం 43 మీటర్ల పైమాటే. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, సుమారు క్రీ.శ. 126 నాటికి పూర్తయింది. ఉక్కు కడ్డీల ఊతం లేని కాంక్రీటు గుమ్మటాల్లో ఇంతకన్నా పెద్దది నేటికీ లేదు. దాన్ని చూసినవాళ్లు ఆ మిశ్రమం రహస్యమేమిటని అడుగుతారు. అన్ని వేల బండ్ల సరుకును ఎవరు మోశారు, ఎవరు కలిపారు అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న అని నాకనిపిస్తుంది.

మిశ్రమం సంగతి ముందు చూద్దాం. నేపుల్స్ దగ్గరి పుట్యోలి ప్రాంతంలో దొరికే అగ్నిపర్వత బూడిదలో సిలికా, అల్యూమినా ఉంటాయి. సున్నంతో కలిస్తే ఇవి నీళ్లలో కూడా గట్టిపడతాయి. ఒక పాలు సున్నానికి భవనాలకైతే మూడు పాళ్లు, సముద్రపు పనులకైతే రెండు పాళ్లు బూడిద కలపాలని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రాశాడు. బూడిద దొరకని చోట ఇటుక పొడి వాడేవారు. మన పాత కట్టడాల్లో గానుగ సున్నంలో కలిపిన సుర్కీ చేసిన పనీ అదే.

సున్నాన్ని ముందే నీళ్లతో చల్లార్చి వాడమని కూడా విట్రూవియస్ చెప్పాడు. పనిచోట మాత్రం మేస్త్రీలు అన్నిసార్లూ అలా చేయలేదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు పాంపే నగరంలో ఒక ఇంటి పని సగంలో ఆగిపోయింది. అక్కడ పొడి సున్నాన్ని, బూడిదను నీళ్లు తగలకుండా ముందే కలిపి పోసిన కుప్పలు దొరికాయి. అలాంటి మిశ్రమంలో నీళ్లు పోస్తే అది సలసలా కాగుతుంది, చిన్న చిన్న సున్నపు గడ్డలు అలాగే మిగిలిపోతాయి. తర్వాత ఎప్పుడైనా పగులు వచ్చి నీరు చేరితే ఆ గడ్డలు కరిగి, మళ్లీ గట్టిపడి పగులును పూడుస్తాయని 2023లో శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూపించారు. పుస్తకంలో లేని ఈ పద్ధతి పనివాళ్ల చేతుల్లో ఉంది!

ఆ కాంక్రీటును మనం స్లాబ్ వేసినట్టు ధారగా పోసేవారు కాదు. రెండు వైపులా ఇటుక ముఖం కట్టి, మధ్యలో గార, రాతి ముక్కలు వరసలు వరసలుగా చేత్తో పరిచేవారు. పాంథియాన్‌లో కింద బరువైన రాయి, పైకి పోయేకొద్దీ తేలికైన అగ్నిపర్వత రాయి వాడారు. గుమ్మటం మందం అడుగున దాదాపు 6 మీటర్లుంటే, పైన మీటరుకు కాస్త ఎక్కువ. సెంట్రింగ్ చేసిన వడ్రంగులకు, వరసలు చూసే మేస్త్రీలకు మంచి నైపుణ్యం కావాలి. మోసే, కలిపే, పరిచే పని మాత్రం శిక్షణ లేని కూలీలు, బానిసలు చేయగలరు. పెద్ద రాయిని చెక్కి నిలబెట్టే పనికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది.

ఇటుకల మీద బట్టీ యజమానుల ముద్రలు కనిపిస్తాయి. వాళ్లలో మార్కస్ ఆరేలియస్ చక్రవర్తి తల్లి డొమీషియా లూసిల్లా కూడా ఉంది. లాభం పెద్ద కుటుంబాలకు పోయింది, కష్టం పేరు తెలియని వాళ్లది. పెద్ద స్తంభాలను తక్కువ ఖర్చుతో తరలించే ఉపాయం ఒక ఇంజనీరు చెబితే, వెస్పేసియన్ చక్రవర్తి అతనికి బహుమానమిచ్చి, ఉపాయాన్ని మాత్రం వద్దన్నాడట. సామాన్య జనానికి తిండి పెట్టనివ్వమన్నాడని రోమన్ చరిత్రకారుడు స్యూటోనియస్ రాశాడు. కట్టడం పని నగరంలో ఎందరికో జీవనాధారం.

క్రీ.శ. 301లో డయోక్లీషియన్ చక్రవర్తి వెలువరించిన ధరల శాసనంలో పొలం కూలీకి తిండితో పాటు రోజుకు 25 దెనారీలు (రోమన్ నాణేలు). సున్నం కాల్చేవాడికి 50, అంటే వడ్రంగితో సమానం.