ఎంతవరకు టెక్నిక్, ఎక్కడి నుంచి తొండి?

బరువులెత్తే పోటీల వీడియోల మీద మళ్ళీ అదే రచ్చ. బెంచ్ ప్రెస్‌లో బెంచ్ మీద పడుకున్న లిఫ్టర్ వీపు అంతగా వంచి, బారు నాలుగు వేళ్ల మేర దిగి పైకి వెళ్తే దాన్ని లిఫ్టు అనాలా అని ఒకరు. గోడకు ఆనుకుని మోచేతులు మడుస్తూ బారు ఎత్తే స్ట్రిక్ట్ కర్ల్‌లో పిరుదులు గోడను వదిలాయి, రిఫరీ చూడలేదని ఇంకొకరు. నిలబడి బారును తల పైకి నొక్కే ఓవర్‌హెడ్ ప్రెస్‌లో ఛాతీ పైకప్పు వైపు తిరిగిపోయినా లిఫ్టు చెల్లిందని చెప్పే తెల్ల లైట్లు ఎలా వెలిగాయని మరొకరు. వీడియో ఆపి, గీతలు గీసి, కోణాలు కొలుస్తున్నారు. పైకి మూడు తగాదాల్లా ఉన్నా మూలం ఒక్కటే. అది ఇప్పటిది కాదు, 1972లో తేల్చకుండా వదిలేసినది.

మీసాలు మెలేసిన బలశాలులు, సర్కస్ డేరాలు, గొలుసులు తెంపిన కథలు అందరికీ తెలిసినవే, వాటిని దాటేద్దాం. ఈ గొడవకు కావలసిన ముక్క ఒకటే. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ అంటే ఐదు లిఫ్టులు: ఒంటి చేత్తో స్నాచ్ (నేల మీద నుంచి ఒక్క ఊపున తల పైకి), ఒంటి చేత్తో క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి), రెండు చేతులతో ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్. 1928కల్లా ఒంటి చేతి లిఫ్టులు రెండూ పోయాయి. మిగిలిన మూడే 1972 దాకా నడిచాయి. ఈ కథకు మలుపు ఆ మూడింటిలో మొదటిది, ప్రెస్.

కాగితం మీద ప్రెస్ నిబంధన చాలా సాదాసీదాది. బారును ఛాతీ మీదికి తేవాలి. కదలకుండా నిలబడాలి. రిఫరీ సంకేతం ఇచ్చాక చేతుల బలంతోనే తల పైకి నొక్కాలి. మోకాళ్లు వంగకూడదు, కాళ్ల ఊపు వాడకూడదు, నడుము అతిగా వెనక్కి వాలకూడదు. మొదటి రెండింటికీ హద్దు ఉంది, చివరిదానికి లేదు. ఎంత వాలితే అతి అవుతుందో కొలిచే సాధనం రిఫరీ దగ్గర ఉండేది కాదు. ఉన్నా బారు కదిలి ఆగేలోపు కొలిచే వ్యవధి ఉండదు.

లిఫ్టర్లు ఆ సందు కనిపెట్టారు. 1960ల ప్రెస్‌ను దగ్గర నుంచి చూస్తే విషయం అర్థమవుతుంది. బారు మెడ కింద ఆనుకుని ఉంటుంది. లిఫ్టర్ సంకేతానికి ముందే తుంటిని కాస్త ముందుకు తోసి, తొడలూ పిరుదులూ బిగించి ఉంటాడు. సంకేతం రాగానే ఆ బిగువు ఒక్క కుదుపుతో పైకి వస్తుంది. మోకాళ్లు వంగినట్టు కనిపించవు, బారు మాత్రం నుదురు దాటేస్తుంది. అక్కడ అది ఆగబోతుండగా భుజాలు వెనక్కి పడిపోతాయి, ఛాతీ పైకి తిరుగుతుంది, నిలబడే బెంచ్ ప్రెస్ చేసినట్టు చేతులు నిటారవుతాయి. ఆ తర్వాత నడుము మెల్లగా సరిచేసుకుంటాడు. ఇది మోటుపని అనుకుంటే పొరపాటు. ఆ కుదుపు వేళకు కుదరాలంటే ఏళ్ల సాధన కావాలి. అదే అసలు చిక్కు: అది నిబంధన ఉల్లంఘనా, నైపుణ్యమా అంటే రెండూను.

ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. 1964 టోక్యోలో అన్నిటికన్నా బరువైన విభాగం విజేత లియోనిద్ జబోతిన్‌స్కీ ప్రెస్ 187.5, స్నాచ్ 167.5, క్లీన్ అండ్ జెర్క్ 217.5 కిలోలు. 1972 మ్యూనిక్‌లో అన్నిటికన్నా బరువైన సూపర్ హెవీ విభాగం గెలిచిన వాసిలీ అలెక్సేయెవ్ ప్రెస్ 235, స్నాచ్ 175, క్లీన్ అండ్ జెర్క్ 230. ఎనిమిదేళ్లలో స్నాచ్ ఏడున్నర కిలోలు, జెర్క్ పన్నెండున్నర కిలోలు పెరిగితే ప్రెస్ నలభై ఏడున్నర కిలోలు పెరిగింది. ఇద్దరు వేర్వేరు మనుషులు, బలాలు వేరు, నిజమే. అయినా మనుషుల భుజాలు ఒక్క లిఫ్టులోనే అంతగా బలపడ్డాయంటే నమ్మడం కష్టం. పెరిగినది భుజబలం మాత్రమే కాదు, రిఫరీల ఓర్పు కూడా.

రిఫరీలను తిట్టడం తేలిక. వాళ్ల కుర్చీలో కూర్చుని చూడాలి. ముందు కూర్చున్నవాడికి వెనక్కి వాలడం సరిగా కనిపించదు, మోకాళ్లు కనిపిస్తాయి. పక్కల కూర్చున్నవాళ్లకు వాలడం కనిపిస్తుంది గానీ ఎంతకు ఎర్ర లైటు వేయాలో పుస్తకంలో రాసి లేదు. మొదటి లిఫ్టర్‌కు ఒక మోస్తరు వాలుడు ఒప్పుకున్నాక రెండోవాడికి కాదనడం ఎలా? రెండోవాడు కాస్త ఎక్కువ వాలాడు, మూడోవాడు ఇంకాస్త. మధ్యలో ఒకరు గట్టిగా నిలబడి ఎర్ర లైటు వేస్తే, ఏ దేశం వాడికి ఏ దేశం రిఫరీ వేశాడన్న లెక్క మొదలయ్యేది. ప్రచ్ఛన్న యుద్ధం రోజులవి. చివరికి అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య చేతులెత్తేసింది. మ్యూనిక్ ఒలింపిక్స్ సందర్భంగా జరిగిన సమావేశంలో ప్రెస్‌ను తీసేయాలని తేల్చారు. 1973 నుంచి వెయిట్‌లిఫ్టింగ్ అంటే రెండే లిఫ్టులు. నడుము దెబ్బతింటుందన్న వాదన కూడా అప్పుడు గట్టిగానే వినిపించింది. కానీ అసలు కారణం తీర్పు కుదరకపోవడమేనని ఆ అంకెలు చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు.

లిఫ్టర్ల వాదన కూడా ఒకటుంది: నిబంధన మారలేదు, రిఫరీలు ఒప్పుకున్నదే మేం చేశాం, మమ్మల్ని తొండిగాళ్లు అనడం అన్యాయం. అది కొట్టిపారేయలేం.

ఇక్కడే కథ తిరగబడింది. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య (ఐపీఎఫ్) పుట్టింది కూడా 1972లోనే. దాని లిఫ్టులు స్క్వాట్ (భుజాల మీద బారుతో కిందికి దిగి లేవడం), బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బారును పట్టుకుని నిటారుగా నిలబడటం). అంతకుముందు వెయిట్‌లిఫ్టింగ్ వాళ్లకు ఇవి వింత లిఫ్టులే. అమెరికా అమెచూర్ అథ్లెటిక్ యూనియన్ 1958లో గానీ ఇలాంటి వాటి రికార్డులు రాయడం మొదలుపెట్టలేదు. బ్రిటన్‌లో బలం పోటీ అంటే కర్ల్, బెంచ్ ప్రెస్, స్క్వాట్. 1960ల్లో కర్ల్ పోయి డెడ్‌లిఫ్ట్ వచ్చింది. అలా నిన్నటి వింత లిఫ్టులు పెద్దపీట ఎక్కాయి, ఒలింపిక్ గౌరవం అనుభవించిన ప్రెస్సూ ఒంటి చేతి లిఫ్టులూ వింత లిఫ్టుల జాబితాలోకి జారాయి.

పడుకుని నొక్కితే వెనక్కి వాలే బాధ ఉండదు కదా అన్న ధీమా బెంచ్ ప్రెస్ వెనుక ఉంది. పిరుదులు బెంచ్ మీద ఉండాలి, బారు ఛాతీకి తగిలి ఆగాలి, సంకేతం రాగానే నొక్కాలి. వాలడానికి చోటెక్కడ? చోటు వెన్నులో దొరికింది. భుజాలూ పిరుదులూ ఆనే ఉంటాయి, మధ్యలో వీపు మాత్రం లేస్తుంది, ఛాతీ బారుకు ఎదురు వెళ్తుంది. చూపుడు వేళ్ల మధ్య 81 సెంటీమీటర్ల దాకా చేతులు వెడల్పు చేస్తే బారు ప్రయాణం ఇంకా కుదించుకుపోతుంది. ఇదీ ఏళ్ల సాధనే, ఇదీ నిబంధనలకు లోబడినదే. 1960ల ప్రెస్ పడుకుని మళ్ళీ వచ్చింది.

2023 జనవరి 1 నుంచి ఐపీఎఫ్ దీనికో మందు వేసింది. బారు కిందికి వచ్చినప్పుడు మోచేతుల అడుగుభాగం భుజం కీలు పై అంచుతో సమంగానో, అంతకన్నా కిందనో ఉండాలి. వంపు ఎంత ఉండాలో చెప్పలేదు, వంపును నిషేధించలేదు. ఒంట్లో కంటికి కనిపించే రెండు చోట్లు పట్టుకుని, ఒకటి రెండోదాని కంటే పైన ఉందా, కిందనా అని మాత్రం అడిగింది. 1972 నాటి పెద్దలకు తట్టనిది ఇదే. స్క్వాట్‌లో తుంటి మడత మోకాలి పైభాగం కంటే కిందికి దిగాలన్న పాత నిబంధన ఇన్నేళ్లుగా నిలబడటానికీ ఇదే కారణం. దిగిందా లేదా అన్నదాని మీద వాదన వస్తుంది, ఎంత దిగాలన్నదాని మీద రాదు. కొత్త నిబంధన వదులు బట్టల్లో, పక్కనుంచి వంకరగా చూసినప్పుడు తికమక పెడుతుందని అంటున్నారు. కీళ్లు బాగా వంగేవాళ్లను, పొట్టి చేతులవాళ్లను ఇది శిక్షిస్తోందన్న ఫిర్యాదూ ఉంది. ఆ సమాఖ్య పరిధిలో లేని సంఘాలకు ఇది వర్తించదు కాబట్టి, ఒకే లిఫ్టుకు ఒక వేదిక మీద తెల్ల లైటు, ఇంకో వేదిక మీద ఎర్ర లైటు.

మూడో దారి ఒకటుంది. దాని గురించి ఈ రచ్చలో ఎవరూ మాట్లాడటం లేదు, అదే నాకు వింత. 1987లో అంతర్జాతీయ ఆల్‌రౌండ్ వెయిట్‌లిఫ్టింగ్ సంఘం, అమెరికాలో దాని శాఖ మొదలయ్యాయి. అందరూ వదిలేసిన లిఫ్టులను ఏరుకొచ్చి పోటీలు పెట్టడమే వాళ్ల పని. వాళ్ల పుస్తకంలో ఇప్పుడు 200కు పైగా లిఫ్టులున్నాయి. వాళ్లు తొండిని తరమలేదు, దానికి విడిగా పేరు పెట్టి రికార్డు పుస్తకం ఇచ్చారు. స్ట్రిక్ట్ కర్ల్ ఉంది, పక్కనే చీట్ కర్ల్ కూడా అధికారిక లిఫ్టే. ఒళ్లంతా ఊపి పైకి తెచ్చినా ఫర్వాలేదు, ఆ పేరు మీదే పోటీ పడాలి. మడమలు కలిపి చేసే ప్రెస్ వేరు, కాళ్ల ఊపుతో చేసే పుష్ ప్రెస్ వేరు. ఒంటి చేత్తో నొక్కేవాటిలో సైడ్ ప్రెస్ అంటే ఒళ్లు పక్కకు వంచవచ్చు, మోకాళ్లు వంచకూడదు. మోకాళ్లూ వంగితే అది బెంట్ ప్రెస్, దానికి విడి రికార్డు.

బెంట్ ప్రెస్ చూస్తే వాళ్ల ఆలోచన తెలుస్తుంది. కుడి చేతిలో బారు, మోచేయి తుంటి ఎముక మీద ఆనుకుంటుంది. చేయి దాదాపు కదలదు. ఒళ్లే ఎడమ వైపుకు, ముందుకు వంగుతూ బారు కిందనుంచి తప్పుకుంటుంది, చేయి నిటారయ్యేదాకా. ఖాళీ చేయి తొడ మీద ఊతం, కళ్లు బరువు మీదే. ఆ తర్వాత నిలబడాలి. ఇందులో వాలడం దోషం కాదు, వాలడమే లిఫ్టు. ఆర్థర్ శాక్సన్ ఇలా 370 పౌండ్లు ఎత్తాడు. అంత బరువును నిటారుగా నిలబడి ఒంటి చేత్తో నొక్కడం ఎవరి వల్లా కాదు. దీన్ని తొండి అని ఎవరూ అనలేదు, ఎందుకంటే దేనితో పోల్చాలో పేరే చెప్పేస్తోంది.

ఈ దారికీ ఖర్చుంది. 200 లిఫ్టులుంటే ఒక్కోదానికి పోటీదారులు పలచబడతారు, రికార్డు అన్న మాటకు విలువ తగ్గుతుంది. ప్రేక్షకుడికి ఎవరు గొప్పో తెలియదు. ఒలింపిక్ వేదిక వీటిని పట్టించుకోకపోవడంలో న్యాయం లేకపోలేదు. కానీ వాళ్ల దగ్గర ప్రెస్ ఇప్పటికీ బతికే ఉంది.

గొడవ ఎంత పాతదో చెప్పడానికి వెనక్కి ఒక్క అడుగు. 1896 ఏథెన్స్‌లో రెండు చేతుల లిఫ్టులో డెన్మార్క్ విగ్గో జెన్సెన్, బ్రిటన్ లాన్సెస్టన్ ఇలియట్ ఇద్దరూ 111.5 కిలోలే ఎత్తారు. జెన్సెన్ తీరు బాగుందని గ్రీస్ రాకుమారుడు జార్జ్ అతన్నే విజేతగా తేల్చాడు. బ్రిటన్ వాళ్లు అభ్యంతరం చెప్పారు. ఇద్దరికీ మళ్ళీ అవకాశం ఇచ్చినా ఎవరూ అంతకు మించి ఎత్తలేదు, తీర్పు మారలేదు. అంటే మొదటి ఆధునిక ఒలింపిక్స్‌లోనే బరువు సమానమైతే తీరు తేల్చింది. ఆ తీరును కొలిచే పద్ధతి మాత్రం ఎవరూ రాయలేదు.

ఆల్‌రౌండ్ లాంటి పోటీలకు పేరిచ్చేవాళ్లకు ఈ చరిత్రతో నేరుగా పని ఉంది. వ్యాయామశాలలో అలవాటైన లిఫ్టు, పోటీలో రాసిన లిఫ్టు ఒకటి కాకపోవచ్చు. జెర్చర్‌నే తీసుకోండి. చాలామంది స్టాండు మీద నుంచి మోచేతుల మడతలో బారు పెట్టుకుని స్క్వాట్ చేస్తారు. ఆల్‌రౌండ్ పోటీలో జెర్చర్ లిఫ్ట్ అంటే నేల మీద నుంచే. 45 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ప్లేట్లు వేస్తే బారు నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, అంత కిందికి మోచేతులు దించాలి. తుంటి కీలు అందుకు ఒప్పుకోకపోతే భుజబలం ఎంతున్నా లాభం లేదు. ముందు ఖాళీ బారుతో ఆ భంగిమ రావాలి, బరువు సంగతి తర్వాత. బారుకు మెత్త చుట్టుకోవచ్చా లేదా అన్నది పేరిచ్చేటప్పుడే అడగాలి, తూకం రోజున కాదు.

స్టైన్‌బోర్న్ లిఫ్టులో చాలామంది బోల్తా పడేది చివర్లో. బారును ఒక కొన మీద నిటారుగా నిలబెట్టి, పక్కన గొంతుక్కూర్చుని, దాన్ని మెడ వెనక్కి ఒరిగించుకుని, అడుగు నుంచి లేవాలి. లేవగానే పనైపోయిందనుకుంటారు. రిఫరీ సంకేతం వచ్చాక వచ్చిన దారినే బారును నేలకు దించడమూ లిఫ్టులో భాగమే. దించడం సాధన చేయనివాడు అలిసిన నడుముతో అక్కడే లిఫ్టు పోగొట్టుకుంటాడు, ఒక్కోసారి చీలమండ కూడా. మొదటి ప్రయత్నానికి ఎత్తగలిగిన బరువు కాదు, దించగలిగిన బరువు పెట్టాలి.

స్ట్రిక్ట్ కర్ల్‌కు వెళ్లేవాళ్లు గోడకు ఏవేవి ఆనాలో రాసింది చదవాలి. తల కూడా ఆనాలా, మడమలు గోడకు ఎంత దూరం ఉండవచ్చు అన్నది నిర్వాహకులను బట్టి మారుతుంది. మడమలు ముందుకు జరిగేకొద్దీ గోడకు ఆనుకోవడం తేలిక, లేచేటప్పుడు తుంటి జారడమూ తేలిక. ఇంట్లో సాధనలో పిరుదుల వెనుక ఒక కాగితం పెట్టుకుని, అది పడిపోయిన ప్రయత్నాన్ని లెక్కలోంచి తీసేయండి. వేదిక మీద రిఫరీకి కనిపించకపోవచ్చు, వీడియోకు కనిపిస్తుంది.

ఇప్పుడు ఓవర్‌హెడ్ ప్రెస్‌ను విడి పోటీగా పెడుతున్నవాళ్లు చాలామంది 'వాలడం పరిమితంగా ఉండాలి' అని రాసి ఊరుకుంటున్నారు. యాభై ఏళ్ల కిందటి వాక్యమే అది. పిరుదులకో భుజాలకో వెనుక ఒక నిలువు కర్ర పెట్టి, తగిలితే ఎర్ర లైటు అంటే సరిపోతుంది. అలా వద్దనుకుంటే వాలేవాళ్లకు విడి పేరు, విడి రికార్డు ఇవ్వాలి. రెండూ చేయని పోటీలో తెల్ల లైటు వచ్చినవాడి మీద విరుచుకుపడే ముందు ఆ నిర్వాహకుల నిబంధనల పుట ఒకసారి తెరిచి చూడాలి.